గడ్డం కింద వెంట్రుకలు, నడుము చుట్టూ కొవ్వు: 24 ఏళ్ల అమ్మాయి కేసు, 16 నెలల ఫాలోఅప్

ఈ అమ్మాయి మొదటిసారి మాస్క్ పెట్టుకుని వచ్చింది. కోవిడ్ భయం పోయి చాలా కాలమైంది, జలుబు లేదు, దగ్గు లేదు. పక్కన వాళ్ళమ్మ కూర్చుని "పీరియడ్స్ సరిగ్గా రావట్లేదు మేడమ్, బరువు కూడా బాగా పెరిగింది" అని అంతా తనే చెప్పేస్తోంది, అమ్మాయి తలెత్తడం లేదు. పరీక్ష చేయాలి, ఒక ఐదు నిమిషాలు బయట కూర్చోండమ్మా అని తల్లిని పంపించాక అప్పుడు మాస్క్ తీసింది. "మేడమ్, నేను అసలు దీని కోసమే వచ్చాను."

గడ్డం కింద, దవడ అంచు వెంట ముతక వెంట్రుకలు. రోజూ ప్లకర్‌తో పీకడం వల్ల అక్కడక్కడ చీము పొక్కులు, అవి మానిన చోటల్లా నల్ల మచ్చలు. ట్యూబ్‌లైట్ వెలుగులో అన్నీ కనపడవని, తెల్లవారగానే ఇంట్లో ఇంకా ఎవరూ లేవకముందే కిటికీ దగ్గర చిన్న అద్దం పెట్టుకుని పీకుతుందట. నాలుగేళ్ళుగా ఇదే పని. ప్లకర్ ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగులో పెన్నుల పర్సులోనే ఉంటుంది. వాళ్ళమ్మకి కూడా చెప్పలేదు.

నేను గుంటూరులో ఎండోక్రైనాలజిస్టుని, అంటే హార్మోన్ల డాక్టర్ని. అవాంఛిత రోమాలని వచ్చే ఆడపిల్లలు వారంలో ఏడెనిమిది మందైనా ఉంటారు, వాళ్ళలో సగం మంది అడిగేవి రెండే ప్రశ్నలు: బరువు తగ్గితే ఇవి పోతాయా, జిమ్‌కి వెళ్తే ఇంకా పెరుగుతాయా. ఈ కేసు రాయడానికి కారణం ఒకటుంది. కుటుంబం ఒప్పుకోక మొదటి ఏడు నెలలు హార్మోన్ మందు ఏదీ వాడలేదు, తిండి, వ్యాయామం మాత్రమే. అందుకని వ్యాయామం ఎంతవరకు పనిచేసిందో, ఎక్కడ ఆగిపోయిందో విడిగా చూసే వీలు దొరికింది. అమ్మాయి ఇది చదివి సరే అన్నాకే పెడుతున్నాను, గుర్తుపట్టగల వివరాలు మార్చాను.

కథ ఎక్కడ మొదలైంది

వయసు 24, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రెండేళ్ళుగా ఇంటి నుంచే పని. ఆ రెండేళ్ళలో 11 కేజీలు పెరిగింది. పదహారేళ్ళప్పుడే పై పెదవి మీద కొంచెం నూగు ఉండేదట, గడ్డం మీదవి ఇరవైలో మొదలయ్యాయి, బరువు పెరిగిన ఈ రెండేళ్ళలో బాగా ముదిరాయి. పీరియడ్స్ 40 రోజులకోసారి, ఒక్కోసారి 60 రోజులకి. మెల్లగా ఏళ్ళ తరబడి పెరగడం ఇక్కడ ముఖ్యం. అదే మూడు నాలుగు నెలల్లో ఉన్నట్టుండి వెంట్రుకలు గుబురుగా వచ్చి, గొంతు మగగొంతులా మారి, కణతల దగ్గర జుట్టు పలచబడితే అండాశయంలోనో అడ్రినల్ గ్రంథిలోనో గడ్డ ఉందేమోనని వెంటనే వెతకాలి. ఈమెకి అవేవీ లేవు.

ఇంకో సంగతి. ఆర్నెల్ల కిందట జిమ్‌లో చేరి రెండు నెలలు వెళ్ళి మానేసింది. ఎందుకు మానేశావమ్మా అంటే, బరువులు ఎత్తితే మగ హార్మోన్ పెరిగి మీసాలొస్తాయని పక్కింటావిడ వాళ్ళమ్మతో అందట, అంతే, మర్నాటి నుంచి బంద్. నాకు నిజంగా బాధేసింది. ఆ రెండు నెలలూ పెద్దగా ఇష్టపడి చేసిన పని అదొక్కటేనట.

జిమ్‌లో ఇచ్చిన పౌడర్ డబ్బా తెప్పించి చూశాను, మామూలు వే ప్రోటీన్, దానివల్ల వెంట్రుకలు రావు. ఇది తప్పనిసరిగా అడుగుతాను, ఎందుకంటే లేబుల్ లేని మాత్రలు, ఇంజెక్షన్లు ఇచ్చే కోచ్‌లు కూడా ఉన్నారు, వాటిలో అనబాలిక్ స్టెరాయిడ్, అంటే కండ పెంచడానికి వాడే మగ హార్మోన్ లాంటి మందు ఉంటే ఆడవాళ్ళలో మారిన గొంతు మళ్ళీ మామూలు కాకపోవచ్చు. జుట్టు పెరగడానికి వాడే మినాక్సిడిల్, ఫిట్స్ మందులు కూడా అడిగాను, లేవు. కానీ ముఖానికి ఏం రాస్తున్నావు అంటే ఒక ట్యూబ్ తీసింది. మచ్చలు పోతాయని మెడికల్ షాపులో ఇచ్చారట, నాలుగు నెలలుగా రాస్తోంది. అందులో స్టెరాయిడ్ ఉంది. బుగ్గల మీద ఎర్రటి సన్నని నరాలు తేలాయి, బుగ్గలంతా మెత్తటి నూగు పరుచుకుంది.

అంటే ఒకే ముఖం మీద రెండు రకాల వెంట్రుకలు, రెండు వేర్వేరు కారణాలు. బుగ్గల మీది నూగు క్రీమ్ వల్ల వచ్చింది, ఆపితే నెలల్లో తగ్గుతుంది. గడ్డం మీద నల్లగా, మందంగా, గరుకుగా ఉన్నవి మగ హార్మోన్ పని.

పరీక్షలు

ఎత్తు 157 సెం.మీ., బరువు 71.4 కేజీలు, బీఎంఐ 29. మనవాళ్ళకి 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. నడుము చుట్టుకొలత 93 సెం.మీ., మన ఆడవాళ్ళకి 80 లోపు ఉండాలి. బాడీ కంపోజిషన్ మెషిన్ మీద కొవ్వు 41 శాతం, అంటే సుమారు 29 కేజీలు. ఆ మెషిన్ ఒంట్లో నీటిని బట్టి అటూ ఇటూ అవుతుంది కాబట్టి ప్రతిసారీ పొద్దున్నే, ఏమీ తినకముందు, తాగకముందు, ఒకే మెషిన్ మీద చూశాం.

మెడ వెనక చర్మం నల్లగా, మందంగా, ముట్టుకుంటే మఖమల్‌లా ఉంది. వాళ్ళమ్మ దాన్ని మురికి అనుకుని ప్రతి ఆదివారం సున్నిపిండి పెట్టి తోముతోందట, ఎర్రగా కందిపోయేదాకా. అది మురికి కాదమ్మా, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైందని చర్మం చెబుతున్న మాట, తోమితే పోదు అన్నాను.

వెంట్రుకలకి ఒక స్కోరు ఉంది. 1961లో ఫెర్రిమన్, గాల్వే అనే ఇద్దరు 11 చోట్ల చూసి లెక్కేసే పద్ధతి పెట్టారు, 1981లో దాన్ని 9 చోట్లకి కుదించారు: పై పెదవి, గడ్డం, ఛాతీ, పై పొట్ట, కింది పొట్ట, భుజం నుంచి మోచేతి దాకా చేయి, తొడలు, వీపు పైభాగం, నడుము వెనక. ఒక్కో చోటికి 0 నుంచి 4. మోచేతి కింద, మోకాలి కింద ఉండే వెంట్రుకలు ఈ లెక్కలోకి రావు, అవి ఆడవాళ్ళకీ మామూలుగా ఉండేవే, వాటి గురించి కంగారుపడి వచ్చే పిల్లలకి ఈ ఒక్క మాట చెప్తేనే సగం టెన్షన్ పోతుంది. ఈమెకి మొత్తం 15 వచ్చింది, గడ్డానికే 4. సరైన లెక్క కావాలంటే కొన్ని వారాలు పీకకుండా ఉండాలి. ఆ మాట అడగడానికే నాకు మనసొప్పలేదు, ఆ వారాలు ఆమె ఇంట్లో కూడా మాస్క్‌తోనే ఉంది.

రక్తపరీక్షల్లో థైరాయిడ్, ప్రొలాక్టిన్ బాగున్నాయి. 17 హైడ్రాక్సీ ప్రొజెస్టెరోన్ 84, కాబట్టి పుట్టుకతో వచ్చే అడ్రినల్ లోపం కాదు. టోటల్ టెస్టోస్టెరోన్, అంటే ముఖ్యమైన మగ హార్మోన్, డెసీలీటర్‌కి 62 నానోగ్రాములు, ల్యాబ్ కాగితం మీద పక్కనే "నార్మల్" అని ఉంది. తల్లి ఆ కాగితం పట్టుకుని "నార్మలే కదండీ మేడమ్, మరి ఇవెందుకొచ్చాయి?" అంది.

ఈ కేసు మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. టెస్టోస్టెరోన్‌లో చాలా భాగం రక్తంలో ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్‌కి కట్టేసి ఉంటుంది, కట్టు లేకుండా తిరిగేదే వెంట్రుకల కుదుళ్ళ మీద పనిచేస్తుంది. ఎస్‌హెచ్‌బీజీని తయారుచేసేది కాలేయం. పొట్ట చుట్టూ, కాలేయంలో కొవ్వు చేరి ఇన్సులిన్ పెరిగితే దాని తయారీ పడిపోతుంది. ఈమెకి అది 18 మాత్రమే, కనీసం 30 పైన ఉండాలి. వాళ్ళది తెనాలి దగ్గర పల్లెటూరు, ఇంట్లో గేదెలున్నాయి, అందుకని తల్లికి ఇలా చెప్పాను: గేదెలు ఎన్నున్నాయన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, గుంజలు ఎన్నున్నాయో కూడా చూడాలి, గుంజలు సగమైపోతే ఉన్న గేదెలే పొలం మీద పడతాయి. ఆవిడకి వెంటనే అర్థమైంది.

రెండిటినీ ఒకే యూనిట్‌లోకి మార్చి, టెస్టోస్టెరోన్‌ని ఎస్‌హెచ్‌బీజీతో భాగించి వందతో హెచ్చించి వేసే ఫ్రీ ఆండ్రోజెన్ ఇండెక్స్ 11.9 వచ్చింది, చాలా ఎక్కువ. దీనికి తోడు పెరిగిన ఇన్సులిన్ అండాశయాన్ని కూడా ఇంకా మగ హార్మోన్ తయారుచెయ్యమని రెచ్చగొడుతుంది. కొవ్వు కణాలు కూడా ఊరికే కూర్చోవు, బలహీనమైన ఆండ్రోజెన్లని (మగ హార్మోన్లని) టెస్టోస్టెరోన్‌గా మార్చే ఎంజైమ్ వాటిలో ఉంది. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చూస్తే పరగడుపున 98, రెండు గంటలకి 152, అంటే షుగర్ గుమ్మం దాకా వచ్చింది. క్రమం తప్పిన పీరియడ్స్, మగవాళ్ళలా వెంట్రుకలు, రెండూ ఉన్నాయి, మిగతా కారణాలు లేవు, కాబట్టి పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్), అంటే మగ హార్మోన్ ఎక్కువై అండాశయం పని దారి తప్పే సమస్య. స్కాన్‌లో "నీటి బుడగలు" కూడా కనిపించాయి, అవి నిజానికి ఎదగకుండా ఆగిపోయిన గుడ్ల సంచులు, గడ్డలు కావు, ఆపరేషన్‌తో తీసేసేవీ కావు.

మందు వద్దన్నారు

ఇలాంటి వెంట్రుకలకి మొదటి మందు గర్భనిరోధక మాత్రలే. అవి ఎస్‌హెచ్‌బీజీని పెంచుతాయి, అండాశయంలో హార్మోన్ తయారీ తగ్గిస్తాయి. ఆ పేరు వినగానే తల్లి ముఖం మారిపోయింది. "పెళ్ళికాని పిల్లకి అవెలా వేస్తామండీ, రేపు పిల్లలు పుట్టకపోతే?" మాత్రలు ఆపాక గర్భం రావడానికి అడ్డం ఉండదని ఎంత చెప్పినా ఆరోజు వినలేదు. సరే, బలవంతం చెయ్యలేదు. ముందు బరువు తగ్గించండి, మళ్ళీ చూద్దాం అన్నాను. జిమ్ గురించి మాత్రం గట్టిగా చెప్పాను: మగవాళ్ళ టెస్టోస్టెరోన్ సుమారు 300 నుంచి 1000 దాకా ఉంటుంది, మీ అమ్మాయిది 62. బరువులెత్తితే కాసేపు కొంచెం పెరిగి కాసేపట్లోనే దిగిపోతుంది, దానికి మీసాలు రావు. పైగా పనిచేస్తున్న కండ ఇన్సులిన్‌తో సంబంధం లేకుండానే రక్తంలోంచి చక్కెర లాక్కుంటుంది, ఆ గుణం వ్యాయామం అయ్యాక గంటల తరబడి ఉంటుంది. కాబట్టి వెంట్రుకలు తగ్గాలన్నా కండే కావాలి.

అక్కడ నేను ఒక తప్పు చేశాను. "బరువు తగ్గించండి" అన్నాను గానీ ఎలా తగ్గించాలో, ఏది ముందు మారుతుందో, ఏది చివరికి మారుతుందో కూర్చోబెట్టి చెప్పలేదు. డైటీషియన్ కాగితం చేతికిచ్చి పంపేశాను.

మూడున్నర నెలలకి వచ్చింది. బరువు 65.9. నర్సు "అబ్బ, బాగా తగ్గావమ్మా" అంది. అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. ప్లాస్టిక్ కవరులో దువ్వెనకి వచ్చిన జుట్టు ఉండచుట్టి తెచ్చింది, మూడు రోజులదట. గడ్డం మీదవి ఒక్కటీ తగ్గలేదు, తల మీదవి రాలిపోతున్నాయి.

ఏం తింటున్నావంటే, పొద్దున కాఫీ, మధ్యాహ్నం రెండు చపాతీలు, రాత్రి ఏమీ లేదు. పీరియడ్ రాక రెండు నెలలైంది. మెషిన్ మీద చూస్తే పోయిన 5.5 కేజీల్లో దాదాపు 2 కేజీలు కొవ్వు కాదు, కండ, నీరు. జుట్టు రాలడం కూడా అందుకే, ఒంటికి తిండి ఒక్కసారిగా తగ్గిపోతే చాలా కుదుళ్ళు ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్ళి రెండు మూడు నెలలకి రాలతాయి. ఐరన్ నిల్వలు కూడా తక్కువగా ఉన్నాయి. గడ్డం మీది వెంట్రుకల లెక్క వేరు. ఒకసారి నూగు ముతక వెంట్రుకగా మారిందంటే హార్మోన్ తగ్గినా అది వెంటనే నూగు కాదు, ఉన్నది తన కాలం అయ్యి రాలాలి, తర్వాత వచ్చేది కొంచెం సన్నగా రావాలి. ఏం చేసినా ఆర్నెల్లకి ముందు తేడా తెలియదు. ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఆ పిల్ల మూడు నెలలు పస్తులుండేది కాదు. ఆ సంగతి ఆమెకే చెప్పి, సారీ అన్నాను.

ఆరోజే ఇంకో అమ్మాయి గురించి కూడా చెప్పాను. 19 ఏళ్లు, హాస్టల్లో చదువు, 36 కేజీలు. ఒళ్ళంతా వెంట్రుకలొస్తున్నాయి, పీరియడ్స్ ఆగిపోయాయి, పీసీఓఎస్ అనుకుని వాళ్ళ నాన్న తీసుకొచ్చారు. చేతులమీద, వీపంతా, చెంపలమీద పసిపిల్లల ఒంటిమీద ఉండేలాంటి లేత నూగు. అది మగ హార్మోన్ వల్ల వచ్చింది కాదు, తిండి మానేసి ఒంట్లో కొవ్వు అడుగంటినప్పుడు వచ్చే నూగు. ఆమెకి మందు తిండే, దానితోపాటు సైకియాట్రిస్టు సాయం. అంటే కొవ్వు ఎక్కువైనా వెంట్రుకలే, మరీ తక్కువైనా వెంట్రుకలే, కాకపోతే అవి వేరు, ఇవి వేరు. ఒకదానికి చెప్పే సలహా రెండోదానికి చెప్తే ప్రాణం మీదకొస్తుంది.

అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెట్టాం. పొద్దున పెసరట్టు, రెండు గుడ్లు. మధ్యాహ్నం అన్నం మానొద్దు, ఒక చిన్న గిన్నెతో కొలిచి పెట్టుకో, పప్పు, కూర అన్నం కన్నా ఎక్కువ ఉండాలి, పెరుగు సరే. గోంగూర పప్పు వాళ్ళింట్లో ఎలాగూ ఉంటుంది. రోజుకి ఐదు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార, అది ఆపించాం, ఇది ఆమెకి అన్నిటికన్నా కష్టమైంది. రాత్రి పన్నెండుకి ఆన్‌లైన్‌లో బిర్యానీ తెప్పించుకునే అలవాటు పస్తులకి ముందు వారానికి మూడుసార్లుండేది, ఇప్పుడు పదిహేను రోజులకి ఒకటికి వచ్చింది. వారానికి మూడు రోజులు జిమ్, బరువులే, రాత్రి భోజనం తర్వాత డాబా మీద ఇరవై నిమిషాల నడక. తల్లి కూడా తోడు నడిచింది.

ఏడో నెల చివర బరువు 67. మూడున్నర నెలలప్పటి కన్నా కేజీ ఎక్కువే, అది చూసి మళ్ళీ దిగులు పడింది. కానీ నడుము 93 నుంచి 85కి వచ్చింది, కొవ్వు 36.5 శాతం, అంటే మొదటి రోజు కన్నా దాదాపు 5 కేజీల కొవ్వు పోయింది, పోయిన కండ తిరిగొచ్చింది. గ్లూకోజ్ తాగాక రెండు గంటలకి 124. ఎస్‌హెచ్‌బీజీ 18 నుంచి 29, టెస్టోస్టెరోన్ 51, ఇండెక్స్ 11.9 నుంచి 6.1కి, అంటే దాదాపు సగం. పీరియడ్స్ 34 రోజులకి వస్తున్నాయి. మెడ నలుపు పలచబడింది. క్రీమ్ ఆపాక బుగ్గల నూగు చాలా మటుకు పోయింది.

మరి వెంట్రుకల స్కోరు? 15 నుంచి 13. అంతే. గడ్డం 4 నుంచి 3, తొడలు 2 నుంచి 1, మిగతావి ఎక్కడివక్కడే. హార్మోన్ సగమైతే వెంట్రుకలూ సగమవుతాయని ఆశపడితే నిరాశే మిగులుతుంది. కానీ రోజూ పీకాల్సినవి రెండు రోజులకోసారి అయ్యాయి, వచ్చేవి మెత్తగా వస్తున్నాయి అని ఆమే చెప్పింది, స్కోరు పట్టుకోలేని తేడా అది.

తర్వాతి తొమ్మిది నెలలు

ఈ అంకెలు చూశాక, నా మీద నమ్మకం కుదిరాక, తల్లి మాత్రలకి ఒప్పుకుంది. బీపీ, మైగ్రేన్, కుటుంబంలో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన చరిత్ర, అన్నీ చూసి డ్రోస్పైరినోన్ అనే హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్ర మొదలుపెట్టాం. ఆర్నెల్లు చూశాక మగ హార్మోన్ పనిని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ 50 మి.గ్రా. కలిపాం. ఆ రెండూ పొటాషియం పెంచేవే కాబట్టి ముందూ, నెల తర్వాతా పొటాషియం చూడాలి. స్పైరోనోలాక్టోన్ వాడుతూ గర్భం వస్తే కడుపులో మగబిడ్డకి హాని, అందుకే గర్భనిరోధకం లేకుండా రాయం. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ వెంట్రుకల కోసం ఇవ్వలేదు, దానికి పెద్దగా పనిచెయ్యదు.

గడ్డానికి, దవడ కిందకి లేజర్. మన రంగు చర్మానికి లాంగ్ పల్స్ ఎన్‌డీ యాగ్ అనే రకం లేజర్ క్షేమం, కాలిపోయి మచ్చలు పడే ప్రమాదం తక్కువ. లేజర్ వేర్లోని నలుపుని పట్టుకుని పనిచేస్తుంది, కాబట్టి పీకేసి వస్తే పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు, షేవింగ్ మాత్రమే చెయ్యమన్నాం. గీస్తే మందంగా వస్తాయని ఆమె భయపడింది, అలా రావు, మొన కత్తిరించినట్టు ఉండటంతో గరుకుగా అనిపిస్తాయి, అంతే. బుగ్గల మీద మిగిలిన నూగుకి కూడా లేజర్ చేయించుకుంటానంది, వద్దన్నాను. పీసీఓఎస్ ఉన్న చామనఛాయ పిల్లల్లో ముఖం మీది సన్నని నూగుకి లేజర్ తగిలితే అవే మందంగా మారడం ఉంది, దాన్ని బాగు చెయ్యడం ఇంకా కష్టం.

పదహారో నెలలో స్కోరు 7. నడుము 82, బరువు 65. ఈ రెండో దశలో తగ్గిన దాంట్లో ఎంత మాత్రది, ఎంత లేజర్‌ది, ఎంత జిమ్‌ది అని విడదీయలేను. మొదటి ఏడు నెలల గురించి మాత్రం గట్టిగా చెప్పగలను: నడుము తగ్గడం వల్ల కట్టు తప్పిన హార్మోన్ సగానికి వచ్చింది, షుగర్ వెనక్కి వెళ్ళింది, నెలసరి దారికొచ్చింది, వెంట్రుకలు మాత్రం కాస్తే కదిలాయి. అందుకే ఇప్పుడు నా దగ్గరకొచ్చే పిల్లలకి మొదటి రోజే అద్దం చూసి వ్యాయామాన్ని కొలవొద్దని చెప్తున్నాను. మొదటి ఆర్నెల్లు టేపు చూడండి, క్యాలెండర్ చూడండి, గడ్డం సంగతి తర్వాత.

అబ్బాయిలు కూడా అడుగుతుంటారు కాబట్టి ఒక ముక్క. జిమ్‌కి వెళ్తే గడ్డం రాదు, ఛాతీ మీద వెంట్రుకలూ రావు. అవి ఎంత వస్తాయన్నది కుదుళ్ళు హార్మోన్‌కి ఎంత స్పందిస్తాయనే దాన్ని బట్టి, అది తల్లిదండ్రుల నుంచి వచ్చేది. పద్దెనిమిదేళ్ళకి గడ్డం రాలేదని ఎవరో అమ్మిన ఇంజెక్షన్ వేయించుకోవద్దు నాన్నా.

మొన్నటి విజిట్‌కి అమ్మాయి మాస్క్ లేకుండా వచ్చింది. గడ్డం పది రోజులకోసారి షేవ్ చేసుకుంటోంది, పొక్కులు లేవు, నల్ల మచ్చలు ఇంకా కొన్ని ఉన్నాయి. తొడల మీదవి అలాగే ఉన్నాయి, వాటిని పట్టించుకోవడం లేదంది. పొటాషియం బాగుంది. ఇంకో ఏడాది మాత్రలు కొనసాగించి అప్పుడు ఆపి చూస్తాం, గ్లూకోజ్ టెస్ట్ ఏటా చేయించాలి. పీసీఓఎస్ ఉన్నవాళ్ళ ఇంట్లో మిగతావాళ్ళకీ షుగర్ వచ్చే అవకాశం ఎక్కువని తల్లికి కూడా పరగడుపు షుగర్ చూశాను, 118 వచ్చింది. ఆవిడ నడుము కొలవబోతే చీర కుచ్చిళ్ళు అడ్డొస్తున్నాయని నవ్వి తప్పించుకోబోయింది, అమ్మాయే టేపు తీసుకుని కొలిచింది. 96. ఆవిడకి గ్లూకోజ్ టెస్ట్ వచ్చే వారానికి రాశాను.